గులాబి వెలుతురులో పసుపు దారం

ఎండకు కరువు లేని పులివెందులలో కరెంటు దీపాల కింద అరటి మొక్కలు పెంచడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. చక్రాయపేట వైపున్న మా వాళ్ళకు ఈ సంగతి చెబితే మొదట నవ్వారు.

"బయట ఎండ మాడ్చి సంపుతాంటే, లోపల దీపాలు పెట్టుకొని చెట్లు పెంచుతాండారా? మీ ఓనరుకు పిచ్చి గిన పట్టిందా ఏందిమ్మే?" అని మా పెద్దమ్మ అడిగింది.

"పిచ్చి లేదు పెద్దమ్మా, పార్టీ ఉంది" అన్నాను.

ఈ మధ్య ఇలాంటి ల్యాబుల్లో పనికి చేరే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. యాడైనా కనబడితే "అక్కా, మొక్కకు ఏ రంగు దీపం మంచిది?" అని అడుగుతారు. దీపాలు అమ్మేవాళ్ళు ఇచ్చే రంగుల పుస్తకాల్లో దానికి జవాబు ఉంటుంది. గీతలు ఉంటాయి, అంకెలు ఉంటాయి. మనుషులు ఉండరు. నేను మనుషుల గురించి రాస్తాను. దీపం చెడగొట్టిన మొక్కలకన్నా, దీపాన్ని ఎంచుకున్నవాళ్ళు చెడగొట్టిన మొక్కలనే నేను ఎక్కువ చూశాను. ఆ చెడగొట్టిన చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి.

సీసాలో పుట్టే మొక్క

తెలియనివాళ్ళ కోసం పని ఏమిటో చెప్పాలి. మంచి అరటి తల్లిచెట్టు పిలక నుంచి చింతగింజంత ముక్క కోస్తారు. దాన్ని సీసాలో, జున్నులా గడ్డకట్టిన ఆహారం మీద పెడతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. సీసాలన్నీ చల్లటి గదిలో ఇనుప అరల మీద ఉంటాయి. ప్రతి అరకూ జానెడు ఎత్తులో దీపాలు. వేరు వచ్చాక సీసాలోంచి తీసి, కడిగి, బయట నీడ వల కింద ట్రేలలో పెట్టి గాలికి అలవాటు చేస్తారు. ఆ తర్వాత రైతుకు ఇస్తారు.

ఇందులో గొప్ప ఎంత ఉందో ప్రమాదమూ అంతే ఉంది. తల్లి మంచిదైతే వెయ్యి పిల్లలూ మంచివే. తల్లికి తెగులుంటే వెయ్యి పిల్లలకూ ఉంటుంది. అది సీసాలో ఉండగా కనబడదు. తోటలో ఆకులు పెద్దవయ్యాక, వాటి మీద చారలు పడ్డాక బయటపడుతుంది. అప్పటికి రైతు నీళ్ళు, ఎరువు, ఆరు నెలలు నేలలో పోసి ఉంటాడు. అందుకే తల్లి ముక్కను పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆ సీసాలను బయటికి వదలకూడదు.

ఆ సీసాల అరలు చూసుకోవడం నా పని. అప్పటికి నాకు అక్షరం రాదు. మాది గొర్రెలు మేపే ఇల్లు. మందలో మన గొర్రెను వీపు మీద రంగుతో, చెవికి పెట్టిన గాటుతో గుర్తుపడతాం. ఆ తెలివితోనే ప్రొద్దుటూరు బట్టల బజారులో దారం ఉండలు కొనుక్కొచ్చి సీసాల మెడలకు కట్టాను. పసుపు దారం కట్టినది పరీక్షలో నెగ్గిన సీసా, పోవచ్చు. ఎర్ర దారం కట్టినది అనుమానం ఉన్నది, కదపకూడదు.

ల్యాబు చూసే హేమలత మేడం గుంటూరు వైపు ఆవిడ. పెద్ద చదువు చదివారు. వచ్చిన మొదటి వారంలోనే నా దారాలు చూసి తల పట్టుకున్నారు.

"ఓబులమ్మ గారూ, దారాలేంటండీ? నంబర్లు రాయండి. రాకపోతే నేను నేర్పిస్తాను, నెల రోజుల పని."

"నాలుగొందల గొర్రెల్లో మాది ఏదో సెప్తా మేడం. నా కండ్లు సాలు" అన్నాను.

కళ్ళ మీద అంత నమ్మకం ఏమీ లేదు. యాభై దగ్గర పడిన మనిషి, కూతురి వయసు పిల్ల ముందు పలక పట్టుకోవాలంటే సిగ్గు. సిగ్గును పొగరులా కప్పుకొని తిరగడం మా వైపు ఎవరికీ నేర్పనక్కర్లేదు.

జెండా లేని రంగు

మా యజమానిని అందరూ 'అన్న' అనేవారు. పేరు రాయను. ఆయన కూర్చున్న చోట వెనకాల నలుగురు నిలబడి ఉండేవారు, ఆ గుర్తు చాలు. తండ్రి కాలంలో ఆ ఇంట్లో వ్యవసాయం, వర్గం రెండూ సమానంగా సాగాయి. అన్న కాలానికి కాలం మారి, వర్గాన్ని పార్టీ అన్నారు, పార్టీ నుంచి ల్యాబు పుట్టింది.

మొదట మామూలు ట్యూబులైట్లు ఉండేవి. వాటి వేడికి గదిని చల్లబరచడం కష్టమై ఎల్ఈడీ దీపాలు పెట్టాలనుకున్నారు. మేడం ఒక దీపం తెప్పించి అన్న ముందు వెలిగించారు. తెల్లదే, కానీ కాస్త వెచ్చటి ఛాయ.

అన్న తల పక్కకు వంచి చూశారు. "ఇది ఆళ్ళ రంగు గదా?"

"ఎవరిదండీ?"

"ఆళ్ళది."

వెనకాల నలుగురూ "అవునన్నా, ఆళ్ళదే" అన్నారు.

"రంగు కాదండీ, తెలుపే. ఇందులో ఎరుపు పాలు కాస్త ఎక్కువ. వేరు పట్టే దశలో మొక్కకు మంచిది" అన్నారు మేడం.

"మొక్కకు మంచిదైతే సాలా మేడం? రేపు కొత్త దీపాల ఓపెనింగుకు మన పార్టీ పెద్దాయన వస్తాండాడు. లోపల అడుగు పెడతానే ఆళ్ళ జెండా మాదిరి ఎలుగుతాంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

అది ఏ రంగో ఇక్కడ రాయను. మా జిల్లాలో రంగు పేరు రాస్తే మనిషి పేరు రాసినట్టే.

అదే వారంలో బెంగళూరు నుంచి టై కట్టుకొని ఒకాయన వచ్చాడు. "సార్, మొక్క తినేది ఎరుపు, నీలం రెండే. మిగతా వెలుతురంతా వేస్ట్" అన్నాడు. అది సగం నిజం. సగం నిజానికి ఉన్నంత గిరాకీ అబద్ధానికి కూడా ఉండదు. ఆ రెండూ కలిపిన దీపం వెలిగిస్తే గదంతా గులాబి రంగు అయింది. అన్న మళ్ళీ తల వంచి చూశారు. గులాబి రంగుకు మా వైపు జెండా లేదు. ఆ దీపానికి ఉన్న అర్హత అదొక్కటే.

"ఒక నెల, ఒక్క అర మీద పెట్టి చూద్దామండీ" అని మేడం బతిమాలారు.

"నెలనా? నెలలో ఎలక్షనే అయిపోతాది" అన్నారు అన్న. అరలన్నింటికీ గులాబి దీపాలే వచ్చాయి.

ఆ టై ఆయన నమూనాకు వదిలిపోయిన విడి దీపాలతో మేడం, నేను వెనక మూల అరలో మా పరీక్ష మేం చేసుకున్నాం. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, మీకు పనికొస్తుంది. ఒట్టి నీలం కింద మొక్కలు పోలీసు స్టేషనుకు పిలిపించిన సాక్షుల్లా ముడుచుకొని, పొట్టిగా, నల్లగా కూర్చున్నాయి. ఒట్టి ఎరుపు కింద కొత్తగా గెలిచిన సర్పంచుల్లా సర్రున పొడుగు పెరిగాయి, కాడలో బలం లేదు, ముట్టుకుంటే వాలాయి. రెండూ కలిపిన గులాబిలో పెరుగుదల బాగానే ఉంది, ఆ మాట దాచను. వెచ్చటి తెలుపులో కూడా అంతే బాగుంది. మరి తేడా ఏమిటి? మొక్కకు తేడా లేదు. దాన్ని చూడాల్సిన మనిషికి ఉంది. గులాబి వెలుతురులో పచ్చటి ఆకు నల్లగా కనబడుతుంది. ఆకు మీద బూజు ఉందా, చార ఉందా, వాడిందా, ఏమీ తెలియదు. దీపాన్ని ఎంచేటప్పుడు మొక్కను అడిగినట్టే, అక్కడ ఎనిమిది గంటలు నిలబడే మనిషిని కూడా అడగాలి. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పగలిగేదాన్నా అంటే, అప్పటికి నాకూ తెలియదు.

బాంబుల గది

గదికి రోడ్డు వైపు ఒక చిన్న అద్దాల కిటికీ ఉండేది. దారం రంగు అనుమానం వస్తే సీసాను ఆ కిటికీ దగ్గరికి తీసుకుపోయి పగటి వెలుతురులో చూసుకునేదాన్ని. అదే కిటికీలోంచి సాయంత్రం పూట గులాబి వెలుగు బయట తొండూరు రోడ్డు దాకా పడేది.

మా వైపు తలుపు వేసిన గదిలో వింత వెలుగు కనబడితే జనం మొక్కలు అనుకోరు. "అన్న బాంబులు సుట్టిస్తాండాడు" అని పుకారు పుట్టింది. ఒకరోజు ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు.

"బూట్లు విప్పి, ఈ కోటు తొడుక్కొని రావాలండీ లోపలికి" అన్నారు మేడం.

"సోదాకు వచ్చినోళ్ళు బూట్లు విప్పుతారా తల్లీ? ఇదేమన్నా గుడా?" అంటూ ఎస్సై బూట్లతోనే వచ్చి, ఒక అరలో సీసాల మూతలు వరసగా తీసి వాసన చూశాడు. "ఏందిమ్మా ఇది, జున్నా?"

వారం తిరిగేసరికి ఆ అరంతా బూజు పట్టింది. బాంబు వేసినా అంత నష్టం జరిగేది కాదు. అన్న కోపమంతా కిటికీ మీద చూపించారు. అద్దాలకు నల్ల కాగితం అంటించారు. గదిలోకి వచ్చే ఆ కాస్త పగలు కూడా పోయింది. మేడం నాకొక తెల్ల టార్చి ఇచ్చి, "అనుమానం వస్తే దీంతో చూడండి" అన్నారు. టార్చిని అన్న వెనకాల ఉండే నలుగురిలో ఒకడు పట్టుకుపోయాడు. ఇంకొకటి ఇమ్మని నేను అడగలేదు. నా కళ్ళు చాలని చెప్పుకున్నదాన్ని కదా.

గంగులమ్మ నేల

తొండూరు అవతల ఊరిలో గంగులమ్మకు రెండెకరాల నేల ఉంది. ఒకప్పుడు అరటి తోట. గెలలు దిగే సమయంలో ఎదుటి వర్గం వాళ్ళు ఒక్క పూటలో తోట మొత్తం నరికేశారు. మనిషిని చంపితే కేసు అవుతుంది, తోటను చంపితే ఒట్టి సామెతే మిగులుతుంది. ఆ దిగులుతో ఆమె భర్త రెండేళ్ళకు పోయాడు. నేల కంపచెట్లపాలైంది. ఆ రోజు కొడవళ్ళు ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు. ఎవరు పంపారో అందరికీ తెలుసు. ఆయన దగ్గరే నేను పని చేస్తున్నాను.

తర్వాత పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు. అందులో అన్న, "పోయిన తోటకు మొక్కలు నా ల్యాబు నుంచి ఇస్తా" అని మాట ఇచ్చారు. గంగులమ్మ కంప కొట్టించి, గుంతలు తీయించింది. మొక్కల కోసం మా నీడ వల దగ్గరికి వచ్చి, నా పక్కన కూర్చొని చెప్పింది.

"మా బావగార్లు ఒగటే మాట అక్కా. ఆడదానివి నీతో యాడ అవుతాది, అమ్మెయ్ అంటాండారు. ఈ ఒక్క పంట సూపించు, నేల నీ పేరు మీద రాయిస్తాం, లేదంటే అమ్మాల్సిందే అన్నారు. ఈ తోట నిలబడితేనే నేను ఈ ఊర్లో ఉండేది."

"నిలబడతాది లే. నా చేత్తో ఏరి ఇస్తా" అన్నాను.

ఏరి ఇచ్చాను. పసుపు దారం సీసాలు ఒక్కొక్కటే తీసి, దారం అక్కడే తెంపి ఒక డబ్బాలో వేసుకున్నాను, మళ్ళీ కట్టుకోవచ్చని. సీసాలు కడగడానికి పోయాయి. మొక్కలు ట్రేలలోకి పోయాయి.

డబ్బా

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నం తిని, ల్యాబు మెట్టు మీద ఎండలో కూర్చొని దారాలు చుట్టుకుందామని డబ్బా మూత తీశాను.

అందులో పసుపు దారాలున్నాయి. ఎర్ర దారాలు కూడా ఉన్నాయి.

ఎర్రవి ఒక్కొక్కటి ఏరి మోకాలి మీద పరిచాను. పద్దెనిమిది. లోపలికి పరుగెత్తి రెండు దారాలు పక్కపక్కన పెట్టి చూశాను. గులాబి వెలుతురులో రెండూ ఒకటే. పసుపు ఎర్రగా ఉంది, ఎరుపు ఎర్రగా ఉంది. బయటికి వచ్చి చూస్తే వేరు, లోపలికి పోతే ఒకటి. పిచ్చిదానిలా నాలుగుసార్లు తిరిగాను. నాలుగొందల గొర్రెల్లో మాది ఏదో చెప్పిన కళ్ళు ఎండలో నేర్చుకున్న కళ్ళు. దీపం ఇవ్వని రంగును అవి ఎక్కడి నుంచి తెస్తాయి?

అప్పటికి పద్దెనిమిది సీసాల మొక్కలు గంగులమ్మ ట్రేలన్నింటిలో కలిసిపోయాయి. విడదీయడం ఎవరి వల్లా కాదు. మేడం విని తెల్లబోయారు. తిట్టలేదు. "మొత్తం తీసేయాలండీ. పదండి, చెబుదాం" అన్నారు.

అన్న అంతా విని, "ఎవురి ఆర్డరు?" అని అడిగారు.

"గంగులమ్మదన్నా" అన్నాను.

"గంగులమ్మదా?" కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంకేం మరి, పంపీండి. ఆకు మీద సార కనపడేదానికి ఆర్నెల్లు పడతాది. అప్పటికి మొక్క తప్పో నేల తప్పో ఎవురికి ఎరుక?"

"ఆళ్ళు ల్యాబు తప్పనుకోరన్నా. నువ్వు కావాలని చేసినావనుకుంటారు. రాజీ సెడతాది."

"గొర్రెలు కాసుకొనేదానివి, నీకెందుకుమ్మే రాజకీయం? పో, పని సూడు."

పిల్లలూ, మీరు కూడా ఇలాంటి గదిలోంచి ఏదో ఒకరోజు బయటికి వస్తారు. ఆ రోజు నేనేమీ ధైర్యవంతురాలిని కాదు. పని పోతుందని భయపడ్డాను. కానీ ఒక సంగతి నన్ను నిలవనివ్వలేదు. ఒకసారి ఆ తోటను కొడవళ్ళతో నరికారు. ఈసారి నరికేది నా చెయ్యి. మరునాడు ఆదివారం. బస్సెక్కి ఆ ఊరికి పోయాను.

గంగులమ్మ గుంతల్లో ఎరువు వేయిస్తోంది. నేను చెప్పింది మొత్తం వింది. తర్వాత తిట్టింది. నన్ను, మా ల్యాబును, అన్నను, ఆ దీపాలు కనిపెట్టినవాడిని, వరసగా ఎవరినీ వదలకుండా తిట్టింది. ఆయాసం తీరాక అడిగింది.

"ఈ మాట నాకు సెప్పమని పంపించినారా?"

"లేదు. సెప్పినట్టు తెలిస్తే పనిలోంచి తీసేస్తారు."

"అట్లనా" అంది. కొంగు నడుముకు చుట్టింది. "పా. ఇద్దరం పోదాం."

అన్న ఇంటి వరండా

అన్న ఇంటి వరండాలో జమ్మలమడుగు నుంచి వచ్చిన పార్టీవాళ్ళు, రాజీ చేసిన పెద్దమనుషుల్లో ఇద్దరు కాఫీ తాగుతున్నారు. గంగులమ్మ మెట్లెక్కలేదు. వాకిట్లో నిలబడి గొంతెత్తింది.

"రెడ్డీ! నా తోట ఒకసారి నరికించినావు, పోనీలే అనుకున్యా. ఇంకోసారి నరికేదానికి నన్నే నీళ్ళు పోసి పెంచమంటాండావే! దానికన్నా కొడవలే మేలప్పా. ఒక్క పూటలో పని అయిపోతాది."

వరండాలో కప్పులు ఆగిపోయాయి. పెద్దమనుషులు అన్న వైపు చూశారు. అన్న ముఖంలో కోపం వచ్చి, లెక్క వేసుకొని, నవ్వుగా మారింది. ఆ మార్పును పట్టుకోవడానికి ఎన్ని దీపాలైనా చాలవు.

"ఎవురమ్మా నీకు ఆ మొక్కలు పంపుతాండామని సెప్పింది? సెడిపోయినాయి, కాల్చెయ్యండని నిన్ననే సెప్పినా గదా! ఏమ్మే ఓబులమ్మా, సెప్పలే?"

"సెప్పినావన్నా" అన్నాను.

ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఆ సాయంత్రమే మొక్కలన్నీ కాల్చేశాం. తర్వాత సభల్లో అన్న, "నాణ్యత కోసం వేల మొక్కలు కాల్చిన చరిత్ర మాది" అని మైకులో చెప్పుకునేవారు. నన్ను పనిలోంచి తీయలేదు. తీస్తే ఆ చరిత్రకు సాక్షి ఉండదు.

గంగులమ్మ పంట ఒక సీజను వెనకబడింది. బావగార్లను ఆపింది రాజీ పెద్దమనుషులే. అన్న మాట నిలబెట్టుకునేదాకా నేల జోలికి పోవద్దన్నారు.

వెలుతురు ఎలా వచ్చింది

మేడం మొదట చెప్పిన వెచ్చటి తెల్ల దీపాలు చివరికి మా ల్యాబుకు వచ్చాయి. నేను చేసిన తప్పు వల్ల వచ్చాయనుకుంటే పొరపాటు. ఆ తర్వాతి ఎన్నికల ముందు అన్న పార్టీ మారారు. ఒకరోజు గదిలోకి వచ్చి, మూలన పడున్న నమూనా దీపాన్ని వెలిగించి, తల వంచి చూశారు.

"మేడం, ఇది మన రంగే గదా! ఇన్నాళ్ళూ సెప్పరే?"

వెనకాల నలుగురూ "అవునన్నా, మనదే" అన్నారు. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని బయటికి పోయారు. మొక్కలకు మంచి వెలుతురు అలా వచ్చింది. సైన్సు ఎంత చెప్పినా రానిది ఒక్క కండువాతో వచ్చింది. కాబట్టి మీరు దీపాలు అడిగేటప్పుడు రెండు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒకటి మొక్కకు ఏం కావాలో. ఇంకొకటి యజమానికి ఏం కావాలో. మొదటిది నిజం రాయండి. రెండోది ఓపికగా రాయండి.

దీపాలు మారకముందే నేను అక్షరాలు మొదలుపెట్టాను. మొక్కలు కాల్చిన మరుసటి రోజు మేడం దగ్గరికి పోయి, "నేర్పండి" అన్నాను. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం ఏ దీపం కిందైనా చదవవచ్చు. గులాబిలోనూ మారదు, పార్టీ మారినా మారదు. ఆవిడ అ, ఆలతో మొదలుపెట్టబోతే వద్దన్నాను. నాకు ముందు కావలసిన మాట ఒకటుంది. 'ఆపు'. మొదట రాయడం నేర్చుకున్నది అదే. ఎర్ర దారాల సీసాలన్నిటి మీదా వంకర టింకరగా 'ఆపు' అని రాసి అంటించాను. నా పేరు రాయడం ఆ తర్వాత రెండు నెలలకు వచ్చింది.

గంగులమ్మకు ఇచ్చిన కొత్త మొక్కల్లో ప్రతి సీసా మీది రాతనూ చదివి ఇచ్చాను. తోట నిలబడింది. గెలలు దిగిన నెలలో కబురు పెడితే పోయాను. గట్టు మీద షెడ్డు నీడలో నాకు మజ్జిగ ఇచ్చి, కొంగులోంచి నేల పాసుపుస్తకం తీసింది.

"మా బావగార్లు రాయించినామంటాండారు. నా పేరే రాసినారో, ఆళ్ళ పేరే రాసుకున్నారో నాకు తెల్దు. ఊర్లో సదివినోళ్ళంతా ఆళ్ళ మనుషులే. నువ్వు సదువు."

తెరిచాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, "గం... గు..." అని మొదలుపెట్టాను.

గంగులమ్మ నా చెయ్యి పట్టుకొని షెడ్డులోంచి బయటికి లాగింది.

"నీడలో కాదక్కా. ఎండలోకి వచ్చి సదువు. నీ కండ్ల సంగతి నాకు ఎరుకే."